తోడు

తెల్లవారుజామున మూడింటికి ఫిషింగ్ హార్బరులో
ఐసు మర రాత్రంతా నమిలిన మంచుని బోట్లలోకి కక్కుతోంది.
మైలపల్లి పోలమ్మ కుండ ముందు
మూత తీసిన గాజు గొట్టంతో నిలబడ్డాను.

"ఏటమ్మా, నా తరవాణికి రోగమేటి?"
రోగం కాదు, లోపల ఎవరున్నారో చూద్దామని.
"ఎవులుంటారు? మా అత్త సెయ్యుంటాది" అంది.
గరిటెతో అడుగు నుంచి కలిపి పోసింది,
ఒక్క చుక్క కింద పడకుండా.

యూనివర్సిటీ మిట్ట మీద మా ల్యాబు.
ఇంక్యుబేటరు ముప్పై ఏడు డిగ్రీలు:
మనిషి కడుపులో వేడి,
మే నెలలో పూర్ణా మార్కెట్ ఎండుచేపల వరసలో వేడి.
రెండు రోజులకి పళ్ళెం మీద
నానిన సగ్గుబియ్యంలా తెల్లటి కాలనీలు.
రంగు వేసి లెన్సు కింద పెడితే ఊదా కర్రలు,
జంటలుగా, గొలుసులుగా,
మర్రిపాలెం యార్డులో ఇంజను కోసం ఆగిన వ్యాగన్లలా.
పెరాక్సైడు చుక్క వేశాను. బుడగ రాలేదు.
బుడగ రాకపోవడమూ ఒక జవాబేనని
ఈ పనిలో చేరాకే తెలిసింది.

మూడు గంటలు యాసిడ్‌లో ఉంచాను. ఆ తర్వాత పైత్యరసంలో.
పదింట తొమ్మిది చచ్చాయి.
రోజూ మన పొట్ట చేసే పనే ఇది.
నేను నోటుబుక్కులో రాస్తాను, అది రాయదు.

పాలచక్కెరని తెంపే ఎంజైము ఉందో లేదో తెలియాలంటే
రంగులేని ద్రావణం పోసి కూచోవాలి.
తెగిన ప్రతి కణికా ఒక పిసరు పసుపు వదులుతుంది.
పది నిమిషాలకి ఏమీ లేదు.
ఇరవైకి అనుమానం.
నలభైకి గొట్టం నిండా
పసుపుకొమ్ము కడిగిన నీళ్ళు.

ఎంజైమంటే ఏటని పోలమ్మ అడిగితే
పక్కనే ఉన్న ఆమె తోడికోడలు గురమ్మని చూపించాను.
కత్తిపీట ముందు కూచుని వంజరాలు కోస్తోంది.
చేప వస్తుంది, రెండవుతుంది, పోతుంది.
కత్తిపీట అలాగే ఉంటుంది. మళ్ళీ చేప.
"అయితే దానికి కూలెంత?" తలెత్తకుండానే గురమ్మ.
కోసిన చక్కెరే ఆ పురుగు కూలి అన్నాను.
"మాకంటే నయమే."

అక్టోబరులో తుఫాను.
రెండో రాత్రికి జనరేటర్లో డీజిలు అయిపోయింది.
మైనస్ ఎనభైలో నిద్రపోతున్న నా నూట పన్నెండు గొట్టాలు
గది వేడికి మెలకువ వచ్చి,
తినడానికేమీ లేక, అలాగే.
మా గైడు ఫ్రీజరు తలుపు తీసింది, మూసింది.
ఏమీ అనలేదు.

పడిపోయిన చెట్లు దాటుకుంటూ హార్బరుకి నడిచాను.
పోలమ్మ కుండ పెంకులయింది.
కొత్త కుండలో మాత్రం అదే పులుపు వాసన.
"కుండ పోతే ఏటి? మొన్న గురమ్మకి తోడిచ్చాను,
నిన్న అదే నాకిచ్చింది."

పాలలో వేసే చుక్కనీ
చీకట్లో పక్కన నడిచే మనిషినీ
ఒకే మాటతో పిలిచే భాషలో పుట్టి
ముప్పై ఏళ్ళూ నేనా మాట వినలేదు.

లోటా నిండా తాగాను.
టైఫాయిడుకి మింగిన మాత్రలు ఊడ్చేసిన నా పేగులో
ఇవి కాపురం పెడతాయా?
చెప్పలేను. చాలామటుకు దారిన పోయేవే.
పోతూ పోతూ నాలుగు చేపలు కోసి పోతాయి.
నాకు నయమైందంటే అది లెక్కలోకి రాదు,
ఒక్క మనిషి సంఖ్య కాదంటుంది మా గైడు.

కొత్త గొట్టం మీద ఇద్దరి పేర్లూ రాశాను.
మిట్ట మీద ఇంకా కరెంటు రాలేదు.
చున్నీలో చుట్టి పొట్టకి ఆనించుకున్నాను
ముప్పై ఏడు డిగ్రీలు.